మొదటి భుజం

డ్రమ్‌కారన్ అనే ఆ కొండ ఊళ్ళో మనిషి పోతే ఏడ్చేవాళ్ళు ఏడుస్తారు, ఏడుపు రానివాళ్ళు టీ కాస్తారు. కానీ అందరూ చెవులు రిక్కించుకుని ఉండేది మాత్రం ఒక్కదాని కోసమే, మొదటి భుజం ఎవరిదని. శవపెట్టెను గుమ్మం ముందు రెండు స్టూళ్ళ మీద పెడతారు. నల్లకోటు వేసుకున్న ఐవన్ మహిన్నీ తల దగ్గర నిలబడి, వరస చెప్పి, పేరు చెప్పి పిలుస్తాడు. "కొడుకు డేవిడ్. తమ్ముడు హ్యూ. అల్లుడు రాబిన్." పిలుపు అందుకున్న ఆరుగురూ వచ్చి భుజం పెడతారు. సందు చివరిదాకా వాళ్ళు మోస్తారు, అక్కణ్ణుంచి ఇంకో ఆరుగురు, ఆ తర్వాత కారు. మొదటి ఆరుగురిలో తమ పేరు రాలేదని జన్మంతా మాటలు మానేసిన అన్నదమ్ములు ఆ కొండల కింద ఎంతమందైనా ఉన్నారు.

ఊళ్ళో పోయినవాళ్ళను సాగనంపే ఈ పని, దాని కొట్టూ ఐవన్‌కు తండ్రి ఇస్సాక్ నుంచి వచ్చాయి. తొంభై దాటిన ఆ పెద్దాయన ఇప్పుడు వంటింట్లో పొయ్యి పక్క కుర్చీలో కూర్చుని కొడుకు పనికి వంకలు పెడుతూ బతుకుతున్నాడు. ఐవన్ భార్య పోయి చాలాకాలమైంది. ఇంట్లో ఇద్దరే మగవాళ్ళు.

ఐవన్ ఉత్త ఆదివారపు భక్తుడు కాడు. చర్చి సంఘంలో పెద్ద. బైబిల్లో పాపమని ఉన్నది పాపమేననీ, దాన్ని తన నోటితో మంచిదనడం అంతకన్నా పాపమనీ మనసారా నమ్మినవాడు. అలాగని ఎవరిమీదా కక్ష ఉన్నవాడూ కాదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండవని ఎవరైనా అంటే, వాళ్ళు మనుషులతో ఎక్కువగా మసలలేదనే అనుకోవాలి.

ఆ వసంతంలో పశువుల డాక్టరు అలస్టర్ కెర్నహన్ క్యాన్సర్‌తో పోయాడు. ఫోన్ చేసింది గెథిన్ ప్రోసర్. వేల్స్ మనిషి, ఆసుపత్రిలో నర్సు, అలస్టర్ భర్త. ఐవన్ ఆలస్యం చేయకుండా వెళ్ళాడు. శవానికి తనే గడ్డం గీశాడు, తనే సూటు తొడిగాడు. 'పెళ్ళి చేయమంటే చేయను, పూడ్చమంటే పూడుస్తాను, ఇందులో నా నమ్మకానికి వచ్చిన లోటేమిటి' అని తనకు తనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాడు. పాపం, మళ్ళీ అంత నిశ్చింతగా ఎప్పుడూ లేడు.

పని అయ్యాక గెథిన్ అతన్ని వంటింట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చాడు.

"నాకు ఇక్కడి పద్ధతులు సరిగ్గా తెలీవండీ మహిన్నీగారూ. అలస్టర్ చెప్పినవే. మొదటి భుజంలో తల దగ్గర నేనుండాలన్నాడు. మీరు పిలుస్తారట కదా?"

"పిలుస్తాను."

"నన్ను ఏమని పిలుస్తారు?"

ఐవన్ టీ ఒక గుక్క తాగాడు. "గెథిన్ అనే."

"మరి మిగతావాళ్ళని?"

"అన్న నార్మన్... పినతండ్రి కొడుకు..." ఐవన్ కప్పు కింద పెట్టాడు. "స్నేహితుడు గెథిన్ అంటే ఎలా ఉంటుందంటారు?"

"స్నేహితులు గేటు దగ్గర నిలబడతారండీ." గెథిన్ మాటలో కోపం లేదు, నిద్ర లేని మనిషి అలసట ఉంది. "పదిహేనేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. చట్టం రాగానే పెళ్ళి చేసుకున్నాం. భర్త అనండి. ఒక్కసారి. అంతకన్నా ఏమీ అడగను."

"ఆలోచిస్తాను," అన్నాడు ఐవన్. చావు ఇంట్లో నిలబడి ఆలోచిస్తానన్నాడు! ఇన్నేళ్ళ సర్వీసులో ఆ మాట ఎప్పుడూ అనలేదు.

బయట వాకిట్లో అలస్టర్ అన్న నార్మన్ కాచుకుని ఉన్నాడు. ఐవన్, అతనూ ఒకే బడిలో చదివారు.

"ఒరేయ్ ఐవన్, వాణ్ణి పిలుస్తావా ఏంటి?"

"అడిగాడురా."

"అడిగితే? తల దగ్గర ఒక పక్క నేను, ఇంకో పక్క వాడు. మోసేటప్పుడు ఎదుటివాడి మెడ చుట్టూ చెయ్యి వెయ్యాలి. ఊరందరి ముందూ నేను వాణ్ణి వాటేసుకుని నడవాలా? చెప్తున్నా విను, వాడి పేరు నీ నోట్లోంచి వచ్చిందా, మా వాళ్ళు ఒక్కడు కూడా పెట్టె ముట్టడు. ఇంక మా ఇంట్లో ఎవరు చచ్చినా నీ గుమ్మం తొక్కం."

"చచ్చింది నీ తమ్ముడురా."

"తమ్ముడు కాబట్టే చెప్తున్నా," అని నార్మన్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అవి కోపంతో ఎర్రబడ్డాయో ఏడ్చి ఎర్రబడ్డాయో ఐవన్ అడగలేదు.

అక్కణ్ణుంచి పాస్టర్ లోగన్ దగ్గరికి వెళ్ళాడు. ఏదో ఒక సందు చూపిస్తాడని ఆశ. ఆయన ఓపిగ్గానే విన్నాడు.

"మొయ్యనివ్వడం వేరు, పిలవడం వేరు, బ్రదర్. నీ నోటితో భర్త అన్నావంటే నలుగురి ముందూ సాక్ష్యం చెప్పినట్టే. రేపు ఆదివారం ఏ మొహంతో పెద్దల వరసలో కూర్చుంటావు?"

ఇది బెదిరింపైతే ఐవన్ తిరగబడి ఉండేవాడు. ఖర్మేమిటంటే, ఆ మాట ముమ్మాటికీ నిజమని అతనికీ అనిపించింది. ఆ పదం అనుకుంటేనే నాలుక మడత పడుతోంది.

ఇంటికొచ్చేసరికి చెల్లెలి కూతురు హెదర్ వచ్చి ఉంది. బాలీమీనా పట్నంలో వకీలు. ఊళ్ళో గుసగుసలు ఆ పిల్లదాకా పోనే పోయాయి.

"మామయ్యా, నిన్ను పనికి పిలిచిందెవరు? గెథిన్. అతను ఎలా పిలవమంటే అలా పిలవడం నీ పని. పోయినేడు గోర్డన్‌గారు పోతే భార్యని పిలిచి భుజం పెట్టించావా లేదా?"

"పెట్టించాను. ఆవిడ ఆయన పెళ్ళాం తల్లీ."

"ఇతను ఈయన మొగుడు. చట్టం దృష్టిలో రెండూ ఒకటే."

"నా నమ్మకం..."

"నీ నమ్మకం నీ ఇష్టం, ఎవరూ కాదనరు. కానీ బోర్డు కట్టుకుని కూర్చున్నాక ఒకళ్ళకి ఒకలా, ఇంకొకళ్ళకి ఇంకోలా చేస్తానంటే కుదరదు. అతను కేసు వేశాడనుకో, కొట్టు మూసుకోవాల్సిందే. తాతయ్య కట్టిన కొట్టు అది!"

ఐవన్ కాలుగాలిన పిల్లిలా వంటింట్లో అటూ ఇటూ తిరిగాడు. పిలిస్తే సంఘం పోతుంది, సగం ఊరు పోతుంది, దేవుడి ముందు తల ఎత్తుకోలేడు. పిలవకపోతే కొట్టు పోతుంది. ఉన్నట్టుండి ఆగాడు.

"హెదర్, నేను ఎవర్నీ పిలవకపోతే?"

"అంటే?"

"అసలు భుజాలే లేవు. చక్రాల బండి మీద పెట్టి తోసుకెళ్ళి కారెక్కిస్తా. అన్నకీ లేదు, ఇతనికీ లేదు. అప్పుడో?"

హెదర్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "అప్పుడు చట్టానికి పట్టు దొరకడం కష్టమే. కానీ ఎవర్నీ అంటే ఇంకెప్పుడూ ఎవర్నీ పిలవకూడదు. వచ్చేవారం ఇంకో ఇంట్లో పిలిచావా, ఇది ఇతని కోసం వేసిన ఎత్తేనని పసిపిల్లాడికి కూడా తెలిసిపోతుంది. బుర్ర ఉండే మాట్లాడుతున్నావా? ఈ ఊళ్ళో భుజం లేకుండానా?"

ఐవన్ వినిపించుకునే స్థితిలో లేడు. బయటికి తలుపు దొరికిందనుకున్నాడు పిచ్చివాడు. అది ఇంకా ఇరుకు గదిలోకని తెలీలేదు.

మర్నాడు పొద్దున గెథిన్‌తో చెప్పాడు. "ఇన్సూరెన్సు వాళ్ళు మోయడానికి ఒప్పుకోవడం లేదండీ. ఎవరైనా జారిపడితే బాధ్యత మాదంటున్నారు. ఇక మీదట బండే."

గెథిన్ అతని మొహంలోకి చూశాడు. "ఎప్పట్నుంచి?"

"ఈ వారం నుంచే."

"అందరికీనా?"

"అందరికీ."

"సరేనండీ," అన్నాడు గెథిన్. వాదించలేదు, అరవలేదు. అరిచినా బాగుండేది.

సాగనంపే రోజు కొండల్లో రైతులంతా వచ్చారు. అర్ధరాత్రనకా అపరాత్రనకా తమ కొట్టాల్లోకి వచ్చి దూడలు లాగిన డాక్టరు కదా. ఒక్క అడుగైనా మోద్దామని కోట్లు వేసుకుని మరీ వచ్చారు. ఐవన్ ఎవర్నీ పిలవకుండా బండి తోశాడు. చక్రం కంకర్లో దిగబడి కీచుమంది. "ఇదేం చోద్యమయ్యా, చెత్తడబ్బా దొర్లించుకెళ్ళినట్టు?" అన్నాడెవరో వెనకనుంచి. నార్మన్ జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. అనుకున్నది సాధించినవాడి మొహంలా లేదు అతని మొహం. గెథిన్ పెట్టె మూత మీద అరచెయ్యి ఆనించి కారుదాకా పక్కనే నడిచాడు. చెయ్యి తియ్యమని చెప్పడానికి ఐవన్‌కు నోరు రాలేదు.

ఇస్సాక్‌కు కబురు అందడానికి ఎంతసేపు? కొడుకు టోపీ తీసేలోపే అందుకున్నాడు.

"ఇన్సూరెన్సట?"

"అవును నాన్నా."

"నా మొహం చూసి చెప్పరా."

ఐవన్ చూడలేకపోయాడు. జరిగిందంతా చెప్పేశాడు. పెద్దాయన మధ్యలో అడ్డురాకుండా విన్నాడు.

"ఆ అబ్బాయిని పిలవాల్సిందని నేననను. నేనైతే పిలిచేవాణ్ణి కాను. కాదని మొహం మీదే చెప్పి, కోర్టుకీడిస్తే పోయేవాణ్ణి. కొట్టు పోతే పోయేది. లేదూ, పిలవాలనిపిస్తే పిలిచేసి సంఘంలోంచి లేచి వచ్చేసేవాణ్ణి. నీకేమో రెండూ కావాలి. రెండూ నిలబెట్టుకోడానికి చచ్చినవాడి నెత్తిన అబద్ధం పెట్టి తోసుకొచ్చావు. సిగ్గులేదట్రా నీకు?"

"అందరికీ ఒకటే రూలు నాన్నా."

"ఒకటే అబద్ధం అను," అని ఇస్సాక్ కళ్ళు మూసుకున్నాడు.

ఆ వేసవంతా ఐవన్ బండి తోశాడు. పాల వ్యాపారి పోతే అతని కొడుకులు కొట్టినంత పని చేశారు. సంఘంలో వాద్యం వాయించే ముసలావిడ పోతే పాస్టర్ లోగన్ స్వయంగా చెవిలో గొణిగాడు, "ఈ ఒక్కసారికి పిలవకూడదా బ్రదర్?" అని. నార్మన్ మేనత్త పోయింది. అతనొచ్చి దబాయించాడు.

"వాడి కోసం చేసిందానికి మాకెందుకురా శిక్ష?"

"వాడి కోసం అని ఇంకోసారి అనకు," అన్నాడు ఐవన్ తలుపు వేసేస్తూ. "బయటికి పొక్కిందంటే నా పని అయిపోతుంది."

"నీకోసం నోరు మూసుకోవాలా? మా అత్తని మోసేవాళ్ళు బాలీమీనాలో దొరుకుతారు పో!"

నిజంగానే దొరికారు. జనం ఒక్కొక్కరే అటు వెళ్ళిపోసాగారు. రూలు ఎత్తేస్తే అబద్ధం బయటపడుతుంది, ఉంచితే కొట్టు ఖాళీ అవుతుంది. ప్రార్థనకు మోకరిస్తే మాట రాదు. దేవుడికి తెలియనిదేమీ లేదని నమ్మినవాడు దేవుడికి ఇన్సూరెన్సు కథ ఏమని చెప్తాడు?

నవంబరులో ఇస్సాక్ పోయాడు. కుర్చీలోనే, టీ చల్లారేలోపు.

ఇల్లంతా జనం. ఆ పెద్దాయన పిలిచిన పిలుపుతో తమ తండ్రుల్ని, తాతల్ని మోసినవాళ్ళు వాళ్ళంతా. సందు పొడుగునా రెండువైపులా బారులు తీరారు. 'సొంత తండ్రిని బండి మీద తోస్తాడా? తొయ్యడు' అని అందరికీ నమ్మకం. పెట్టె గుమ్మం ముందు స్టూళ్ళ మీద ఉంది. ఐవన్ తల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. కళ్ళెత్తితే గేటు దగ్గర టోపీ చేత్తో పట్టుకుని గెథిన్ కనిపించాడు.

పాస్టర్ లోగన్ మోచెయ్యి తాకించాడు. "పిలువు బ్రదర్. ఈయనకి కాకపోతే ఇంకెవరికి?"

ఐవన్ పిలవలేదు. జనం చూస్తుండగా సందులోకి దిగి గేటుదాకా నడిచాడు.

"ఇవాళ నేను పిలిస్తే మీరు కోర్టుకి వెళ్తారా?" అని అడిగేశాడు. తండ్రి శవం గుమ్మంలో ఉండగా అడిగే మాటేనా అది!

గెథిన్ ఆశ్చర్యపోయాడు. "కోర్టుకి వెళ్తానని నేనెప్పుడన్నా అన్నానా?"

ఐవన్ జ్ఞాపకాల్లో వెతుక్కున్నాడు. అనలేదు. ఒక్కనాడూ అనలేదు. అన్నవాళ్ళు వేరే, భయపడ్డది తను.

"అయితే ఎందుకొచ్చారు?"

"మీ నాన్నగారు నాకు ఫోన్ చేశారండీ, అప్పట్లో. అలస్టర్‌ని పూడ్చిన వారానికి. 'మీ పెళ్ళి నేను ఒప్పుకోను, చచ్చేదాకా ఒప్పుకోను, కానీ నా కొడుకు మీతో అబద్ధమాడాడు, అందుకు నేను క్షమాపణ అడుగుతున్నాను' అన్నారు." గెథిన్ టోపీ అంచు సవరించుకున్నాడు. "ఆ మాట మీరు చెప్పలేదు, ఆయన చెప్పారు. అందుకొచ్చాను."

ఇన్ని నెలలుగా ఇతనికి తెలుసన్నమాట. తెలిసీ నోరెత్తలేదు. ఐవన్‌కు తల తీసి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"పిలుచుకోండి మహిన్నీగారూ. మీ నాన్న కదా. నేనేమీ అనను."

చట్టం పక్కకి తప్పుకుంది. పాస్టరు దారి ఇచ్చాడు. ఊరు ఎదురుచూస్తోంది. పట్టుకోవాల్సినవాడే వదిలేశాడు. ఇంక ఐవన్‌ను ఆపేది ఏదీ లేదు, అంత ఊపిరాడని క్షణం అతని బతుకులో అంతకుముందు రాలేదు. ఇప్పుడు పిలిస్తే, రూలు ఒక్క మనిషి కోసమే పుట్టిందని ఆ మనిషి ఎదుటే ఒప్పుకున్నట్టు. పిలవకపోతే నాన్న చక్రాల మీద వెళ్తాడు.

వెనక్కి నడిచి తల దగ్గర నిలబడ్డాడు. పిలిచాడు.

"కొడుకు ఐవన్."

సందంతా హమ్మయ్య అన్నట్టు కదిలింది. "మనవరాలు హెదర్," అన్నాడు. తర్వాత మరో నలుగురు. అందరూ వంగారు, ఎత్తారు. తల దగ్గర అటు హెదర్, ఇటు తను. హెదర్ చెయ్యి అతని మెడ చుట్టూ బిగిసింది.

"మామయ్యా, ఏం చేస్తున్నావో తెలుస్తోందా?" అంది పళ్ళ బిగువున.

"తెలుస్తోంది. నడువు."

గేటు దాటేటప్పుడు గెథిన్ తల వంచి నిలబడ్డాడు. ఐవన్ అటు చూడకుండా ఉందామనుకుని చూశాడు.

శ్మశానంలో మట్టి వేశాక, పద్ధతి ప్రకారం ఐవన్ గేటు పక్కన నిలబడ్డాడు. జనం వరసలో వచ్చి చెయ్యి కలిపి, "మీకొచ్చిన కష్టానికి బాధగా ఉంది," అని సాగిపోతున్నారు. నార్మన్ వచ్చి, "ఇవాళ మనిషివనిపించుకున్నావురా!" అని భుజం చరిచాడు. వాడి చెయ్యి విరిచెయ్యాలనిపించింది ఐవన్‌కు.

తర్వాత గెథిన్ వంతు వచ్చింది. చెయ్యి కలిపాడు. అందరూ అన్న మాటే అన్నాడు. కానీ చెయ్యి వదల్లేదు.

"ఒకటి అడగనా? ఎలా ఉంటుంది?"

"ఏది?"

"భుజం మీద ఉన్నప్పుడు. నాకు తెలీదు కదా."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే ఐవన్ ఏదో ఒకటి అనేసి బతికిపోయేవాడు. ఆ మనిషి నిజంగానే అడుగుతున్నాడు, తను చూడని ఊరికి వెళ్ళొచ్చినవాణ్ణి అడిగినట్టు. ఇతనికి మాత్రం ఇంకో అబద్ధం చెప్పలేననుకున్నాడు ఐవన్.

"బరువు తెలీదండీ," అన్నాడు. "తల దగ్గర ఉంటే చెంప పెట్టెకి ఆనుతుంది. లోపల ఆయన తల, ఇవతల మన తల. మధ్యలో చెక్క ఒక్కటే. సందు చివరిదాకా అలాగే నడుస్తాం."

గెథిన్ తలూపాడు. "అలాగే ఉంటుందనుకున్నాను," అన్నాడు. చెయ్యి వదిలి రోడ్డువైపు నడిచాడు.

ఐవన్ అతన్ని పేరు పెట్టి పిలవబోయాడు. ఈలోగా వరసలో తర్వాతి మనిషి ముందుకొచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు.